వేదాద్రి రాసిన చీటీ

ఆదోనిలో పాత నాణేలు అసలువో కాదో చూసి చీటీ రాసిచ్చేది దస్తగిరి ఉస్తాద్. ఆయన దగ్గర పదేళ్ళు నేర్చుకున్న వేదాద్రి ఈమధ్యే చీటీల మీద సొంతంగా సంతకం పెడుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే దర్జీ యల్లప్ప వచ్చి అలాంటి చీటీ ఒకటి అతని ముఖాన విసిరికొట్టి, ఒక నాణెం బల్ల మీద పడేశాడు.

"ఈ నాణెం టంకశాలలోనే తప్పుపడింది, అట్లాంటివి అరుదు, శానా ధర పలుకుతాదని రాస్తివి కదా! అది నమ్మి, కుట్టుమిషను అమ్మి కొంటి. కర్నూల్లో చూపిస్తే నవ్వినారు. అమ్మినోడు ఊళ్ళోనే లేడు. నా పిల్లోళ్లకు ఏం పెట్టల్ల?"

అమ్మినవాడు దొంగ, సరే. మరి నమ్మించినవాడు?

వేదాద్రికి ఒళ్ళు మండింది. ఆ నాణెం మీద ఒకవైపు ఇంకో నాణెం బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి దిగి ఉంది. ముందు కొట్టిన నాణెం అచ్చులోనే ఇరుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద పడే తప్పు అది. గంటసేపు భూతద్దం పెట్టి చూసి మరీ రాశాడు.

"నవ్వినోళ్ళకేం తెలుసు? నా చీటీని అనొద్దు!" అని అరిచాడు.

లోపల్నుంచి ఉస్తాద్ వచ్చాడు. నాణేన్ని రెండు వైపులా బొటనవేలితో తడిమాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

వేదాద్రి జేబులో ఎప్పుడూ ఒక వెండి రూపాయి ఉంటుంది. తొలి చీటీ రాసినరోజు ఉస్తాద్ ఇచ్చిందే. ఆయన అది లాక్కుని ఇనప దిమ్మె మీద పెట్టాడు. దానిపైన ఇంకో నాణెం పెట్టాడు.

"వద్దు ఉస్తాద్!"

సమ్మెట పడింది.

పై నాణెం తీశాడు. దాని బొమ్మ వెండి రూపాయిలో తిరగబడి, లోపలికి దిగి ఉంది.

"తిప్పు."

వేదాద్రి తిప్పాడు. రెండో వైపు బొమ్మ నలిగి చదునైపోయింది. యల్లప్ప తెచ్చిన నాణేన్నీ తిప్పి చూశాడు. అక్కడా అంతే. టంకశాలలో పడిన తప్పయితే ఆ వైపు అచ్చు నిండుగా ఉండాలి. అది అతనికి తెలియని సంగతి కాదు. వింత దొరికిందన్న సంబరంలో నాణేన్ని తిప్పనేలేదు.

"తప్పైపోయింది ఉస్తాద్."

"నాకెందుకు చెప్తావు?" ఉస్తాద్ చీటీల పుస్తకం అతని ముందుకు తోశాడు. "ఇంకోటి రాయి."

"ఏమని రాయల్ల?"

ఉస్తాద్ గుమ్మంలో నిలబడ్డ యల్లప్పను చూశాడు.

"నువ్వేం చూడలేదో అది రాయి. ఆయప్పకు వినపడేటట్టు, చదువుకుంటా రాయి."