గవరమ్మ ఇంటి గోడ

అనగనగా తూర్పు కనుమల్లో ఒక ముసలి కొండ. ఆ కొండ వాలులో బొరియ తవ్వుకుని గవరమ్మ అనే ఏదుపంది కాపురం చేస్తుండేది. అంత శుభ్రమైన ఇల్లు ఆ చుట్టుపక్కల ఏ కొండ మీదా లేదు. ఆ మాట అందరికన్నా ముందు చెప్పేది కూడా గవరమ్మే.

ఆ ఏడు ఆమె కూతురు నూకాలుకి అవతలి కొండ నుంచి సంబంధం వచ్చింది. ఏదుపందుల్లో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ముందు పిల్లని చూడరు, ఇల్లు చూస్తారు. గోడలు నున్నగా ఉంటే పిల్ల బుద్ధిమంతురాలని లెక్క. పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

అందుకని గవరమ్మ పనిలోకి దిగింది. పైకప్పులోంచి చెట్ల వేళ్లు జడల్లా వేలాడుతున్నాయి. "చూసేవాళ్లు ఏమనుకుంటారు!" అంటూ ఒక్కొక్క వేరునీ పటపటా కొరికి బయట పారేసింది. వాలు మీద మట్టి జారకుండా పట్టుకుని ఉన్నవి ఆ వేళ్లే. ఇల్లు మాత్రం ఎంతో విశాలంగా కనబడింది.

అంతలో సముద్రంలో వాయుగుండం పడింది. కొండ మీద ముసురు పట్టింది. ఒక పొద్దున లేచి చూస్తే గోడ మీద వెంట్రుకంత పగులు. గవరమ్మ ఎర్రమన్ను తడిపి దాని మీద అలికేసింది. పైన తెల్లటి ముగ్గు కూడా పెట్టింది.

వానకి తడుస్తూ ఒక పిట్ట గుమ్మంలోకి వచ్చి వాలింది. చలికాలం వస్తే మంచుకొండల నుంచి దిగొచ్చే, తోక ఆడించే చిన్న పిట్ట అది.

"గవరమ్మక్కా, ఆ ముగ్గు కింద ఉన్నది పగులే కదా?" అంది.

"నీకెందుకమ్మా?"

"దేశం ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చినదాన్ని, అందుకని అడిగా. మా మంచుకొండలు కుర్రవి. ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. ఒళ్లు విరుచుకున్నాయంటే భూమి అదురుతుంది. కింద మైదానంలో పెద్ద నదులు పొంగితే ఊళ్ల మీదికి వస్తాయి. పడమట ఇసుక గాలులు లేస్తాయి. ఒక్కో చోటికి ఒక్కో గండం. మీలాంటి కొండవాలులో వానలప్పుడు నేల పగిలితే జారడానికే."

"అయ్యో పాపం, ఎన్ని అవస్థలు పడుతున్నారో వాళ్లంతా!" అని గవరమ్మ మనసారా జాలిపడింది. "మాకా బాధ లేదులే. మా కొండ పెద్ద వయసుది. ఈ వయసులో ఎక్కడికి కదులుతుంది?"

"కొండ కదలదక్కా. దాని మీద మట్టి కదులుతుంది."

"నువ్వు ముందు ఆ తోక ఆపు తల్లీ, ముగ్గు చెదిరిపోతోంది."

పిట్ట నిట్టూర్చింది. "జారితే కిందికి పరిగెత్తకండి. పక్కకి, ఆ నల్లబండల మీదికి పొండి" అని చెప్పి ఎగిరిపోయింది.

మర్నాటికి పగులు పాదం పట్టేంత అయింది. గవరమ్మ దానికి అడ్డంగా అడ్డాకుల తెర కట్టింది. అప్పుడే మొగుడు పోలయ్య బయట నుంచి వచ్చాడు.

"ఏమే, ఊటనీళ్లు ఎర్రగా బురదలా వస్తున్నాయి. వాకిట్లో వెదుళ్లన్నీ కిందికి ఒరిగాయి. నాకెందుకో భయంగా ఉంది. పెళ్లిచూపులు నల్లబండల దగ్గర పెట్టుకుందామా?"

"బండల మీద పెళ్లిచూపులా! మనకి కొంపా గోడూ లేదనుకోరూ? భయపడడానికి ఇవాళే దొరికిందా నీకు?"

ఆ ఇంట్లో పోలయ్య మాట ఎప్పుడూ అంతవరకే వెళ్లేది.

సాయంత్రానికి చుట్టాలొచ్చారు. అప్పటికి పగులు గోడ దిగి నేల మీదికి పాకింది. గవరమ్మ దాని మీద కొత్త చాప పరిచింది. పెళ్లికొడుకు తల్లి దాలమ్మని మర్యాదగా ఆ చాప మీదే కూర్చోబెట్టింది.

"ఇల్లు అద్దంలా ఉంది వదినగారూ. నేల కొంచెం ఒరిగినట్టుందే?" అంది దాలమ్మ.

"కావాలనే అలా చేయించాం వదినగారూ. నీళ్లు నిలవవు."

"ఎంత ముందుచూపండీ మీది!"

పెళ్లికొడుకు తల ఎత్తకుండా దుంపలు తింటున్నాడు. నూకాలు లోపలి గదిలోంచి ఇంకో ఆకు నిండా దుంపలు తెచ్చింది.

"అమ్మా, లోపల గోడ లోంచి బురద..."

"పిచ్చిపిల్ల, సిగ్గుతో ఏం మాట్లాడుతోందో దానికే తెలీదు" అని గవరమ్మ నవ్వేసింది. "పోమ్మా, ఇంకాసిని పట్రా."

నూకాలు లోపలికి వెళ్లింది. అంతలో కొత్తచీర చింపినట్టు పెద్ద చప్పుడు. ఇల్లు జారుతోందని గవరమ్మకి తెలిసిపోయింది. లేవండి అని ఒక్క మాట అంటే చాలు. కానీ తింటున్నవాళ్లని మధ్యలో లేవమని ఎలా చెప్పడం? తినడం అయ్యాక చెబుదాం అనుకుంది. చిత్రం ఏమిటంటే, దాలమ్మ కూడా గబగబా తింటోంది.

మళ్లీ చప్పుడైంది. పైనుంచి మట్టి పెళ్లలు విరిగిపడి లోపలి గది దారి మూసుకుపోయింది.

"అమ్మా!" అని నూకాలు కేక.

ఇక మర్యాద గుర్తు రాలేదు. "లేవండి! ఇల్లు జారిపోతోంది! బండల మీదికి పరిగెత్తండి!" అని గవరమ్మ గావుకేక పెట్టింది. తెర లాగి పారేసింది. లోపలి గదికి అడ్డుగా ఉన్న, తను అలికిన గోడని, పెట్టిన ముగ్గుని రెండు చేతుల గోళ్లతో గీరి, తవ్వి, ఆ పగులులోంచే కూతుర్ని బయటికి లాగింది. ముళ్లు గుచ్చుకుంటున్నా వదలలేదు.

వాళ్లు నల్లబండలు ఎక్కేసరికి వాలంతా ఒక్కసారిగా కిందికి జారింది. వెదుళ్లు పోయాయి, ఇల్లు పోయింది. పెళ్లికొడుకు చేతిలో ఒక దుంప మాత్రం మిగిలింది.

గవరమ్మ ఏడుస్తూ దాలమ్మ చేతులు పట్టుకుంది. "మన్నించండి వదినగారూ. మీరు కూర్చున్న చాప కింద పగులుంది. దాచిపెట్టాను."

"తెలుసు వదినా. కూర్చోగానే నా కాలు అందులో దిగబడింది" అంది దాలమ్మ. "చూపులకొచ్చి ఇంటికి వంక పెడితే ఏం బాగుంటుందని సర్దుకుని కూర్చున్నా."

పోలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరైన సంబంధమే కుదిరింది" అన్నాడు.

"ఖాయం అన్నయ్యగారూ, ఖాయం!" అంది దాలమ్మ. "ఇవాళ్టికి మా ఇంటికి పదండి. మాది గట్టి ఇల్లు. పెరటి గోడకి ఏదో చిన్న చీలిక వచ్చిందిగానీ, మనం కొరుక్కోవడానికి తెచ్చుకునే ఎముకలన్నీ పెద్ద కుప్పగా అడ్డం పెట్టించాను. ఎవరికీ కనబడదు."

గవరమ్మ ఏడుపు ఆగిపోయింది. "ఇంట్లో ఎవరున్నారిప్పుడు?"

"మా అత్తగారూ, చిన్నపిల్లలూ."

గవరమ్మ ఒంటినిండా బురద. అది దులుపుకోలేదు, నలుగురిలో ఎలా కనబడతానో చూసుకోలేదు. "వాళ్లని బయటికి రమ్మనండి!" అని అరుస్తూ, అందరికన్నా ముందు అవతలి కొండ వైపు పరుగు తీసింది.

నీతి: నలుగురూ ఏమనుకుంటారో అని దాచిపెట్టిన ప్రమాదం, ఆ నలుగురినీ కలుపుకునే మీద పడుతుంది.