వద్దన్నవాళ్ళకే వడ్డన

మువ్వలరేవు రాజు నారపభూపతికి ఒకరోజు ఇటలీ కావాలనిపించింది.

ఓడ ఎక్కి వెళ్దామంటే సముద్రం పేరు చెబితేనే ఆయనకి కడుపులో తిప్పుతుంది. అందుకని ఇటలీనే కోటలోకి రప్పించాడు. పాత ఆయుధశాల ఖాళీ చేయించి చలవరాతి అరుగులు వేయించాడు. ఒక అరుగు మీద బండిచక్రాలంత చీజు దిమ్మలు. ఇంకోచోట దండేల మీద ఆరేసిన పాస్తా. మూలన కట్టెల పొయ్యిలో పిజ్జాలు, పక్కన ఆలివ్ నూనె జాడీలు, ఉగ్గుగిన్నెలంత కప్పుల్లో నల్లటి కాఫీ. జనం అరుగు నుంచి అరుగుకి తిరుగుతూ రుచి చూసి, నచ్చింది కొనుక్కు తినాలి. ఇటలీలో గొప్ప ఊళ్ళలో అలాగే తింటారట.

ఈ సంగతి చెప్పినవాడు పాకశాలాధిపతి పినాకపాణి. మూడు నెలలు రోములో ఉండి వచ్చాడు. అప్పటినుంచి మజ్జిగ అడగాలన్నా, "నేను రోములో ఉండగా" అని మొదలుపెడతాడు.

నేను ఆ కొలువులో విదూషకుణ్ణి. పేరు బుచ్చెన్న. తెలివికి జీతం తీసుకునేవాణ్ణి. ఆ జీతం దండగ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, మా ఆవిడ అందులో మొదటిది.

నెల దాటినా శాలలో తినేవాడు లేడు. ఊరివాళ్ళు పట్టుబట్టలు కట్టుకుని వస్తారు, చూస్తారు, వాసన పీల్చుకుని వెళ్ళిపోతారు. ఓడల్లో వచ్చిన యాత్రికులు గుమ్మం దాకా వచ్చి, ఊరివాళ్ళే ముట్టనిది మనకెందుకని వెనక్కి తిరుగుతారు.

"ఎందుకిలా అయింది?" అని రాజు సభలో అడిగాడు.

"వీళ్ళ నాలుకలకి అంత యోగ్యత లేదు ప్రభూ," అన్నాడు పినాకపాణి.

సరిగ్గా అప్పుడే నా కడుపు కుర్రుమంది. ఆ చప్పుడు కప్పిపుచ్చుకోడానికి గట్టిగా నవ్వాను. అదే నా కొంప ముంచింది.

"నవ్వావు కదా," అన్నాడు రాజు. "కారణం నీకు తెలిసే ఉంటుంది. శుక్రవారానికి శాల నిండాలి. నిండకపోతే శాల ఏనుగులకి, నీ కొలువు పినాకపాణికి."

నాకేం తెలుసు, నా మొహం! పట్టుపంచె కట్టుకుని శాలకి వెళ్ళాను. తెల్ల టోపీ కుర్రాడు చెక్క పళ్ళెంలో చీజు ముక్క తెచ్చి, "రుచి చూస్తారా?" అన్నాడు.

"అబ్బే, వద్దండీ. ఇప్పుడే భోంచేసి వచ్చాను," అన్నాను.

వంగి దణ్ణం పెట్టి పళ్ళెంతో సహా వెళ్ళిపోయాడు! నోరూరుతూ నిలబడిపోయాను. పిజ్జా దగ్గరా అంతే, పాస్తా దగ్గరా అంతే. ఇంటికొచ్చి చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నాను.

"అంత గొప్ప శాలకి వెళ్ళి ఇక్కడ చద్దన్నమేమిటండీ?" అంది మా ఆవిడ కనకరత్నం.

"ఎవరూ పెట్టలేదే."

"అడగలేదా?"

"అడిగారు. మర్యాదకి వద్దన్నాను."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే."

ఆవిడ బుగ్గ నొక్కుకుంది. "ఒక్కసారి అడిగి వదిలేశారా! పగవాళ్ళయినా రెండోసారి అడుగుతారండీ!"

రాజ్యానికంతటికీ తెలివైనవాణ్ణని పేరు నాది. సంగతి తెలిసింది మాత్రం చద్దన్నం ముందు, మా ఆవిడ నోట. సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు పక్కనపెట్టి ఆవిణ్ణే శరణు వేడాను.

మర్నాడు కనకరత్నం పెళ్ళిళ్ళలో వడ్డించే అమ్మలక్కలందరినీ వెంటబెట్టుకుని శాలలో దిగింది. వాళ్ళ చేతికి చిక్కి అరకడుపుతో లేచినవాడు మా పేటలో లేడు.

శుక్రవారం రాజు వచ్చేసరికి శాలలో కాలు పెట్టే చోటు లేదు. ఊరివాళ్ళు పళ్ళేల మీద చేతులు అడ్డుపెట్టి "వద్దు, వద్దు" అంటున్నారు. అమ్మలక్కలు ఆ వేళ్ళ సందుల్లోంచే పాస్తా జారవిడుస్తున్నారు. "ఈ ఒక్క ముక్కా తిను నాయనా, నా మీద ఒట్టు!" రుచి తగిలినవాళ్ళు పొట్లాలు కట్టించుకుంటున్నారు. ఊరివాళ్ళ జోరు చూసి యాత్రికులు ఎగబడ్డారు. ఒక దొర రెండు చేతులూ అడ్డుపెట్టడం నేర్చుకుని, "వద్దు" అని మూడో పిజ్జా తింటున్నాడు.

"దౌర్జన్యం ప్రభూ!" అని అరిచాడు పినాకపాణి. "వద్దంటున్నా కుక్కుతున్నారు. నేను రోములో ఉండగా చూశాను. వద్దంటే వద్దనే!"

రాజు నా వైపు తిరిగాడు. "నిజమే బుచ్చెన్నా, అందరూ వద్దనే అంటున్నారు!"

పొద్దుటినుంచి ఏమీ తినకుండా శాలకి కాపలా కాసి కాసి పినాకపాణి మొహం వాడిపోయి ఉంది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన పిజ్జా పళ్ళెంలో పెట్టి అతని ముక్కు కింద పట్టుకున్నాను.

"పాణిగారూ, ఒక ముక్క తీసుకోండి."

"అబ్బే, వద్దు," అన్నాడు.

వంగి దణ్ణం పెట్టి పళ్ళెం వెనక్కి తీసుకున్నాను. అతని చెయ్యి అప్పటికే సగం దూరం వచ్చి గాలిలో ఆగిపోయింది. కళ్ళు పళ్ళెం వెంటే వచ్చాయి.

"అదేమిటయ్యా, పాపం తీసేశావేం?" అన్నాడు రాజు.

"రోము పద్ధతి ప్రభూ. వద్దన్నారు కదా!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. శాలంతా నవ్వింది. "ఈ శాల ఏనుగులకి ఇవ్వను, నీ కొలువు ఎవరికీ ఇవ్వను!" అని మెడలోని ముత్యాలహారం తీసి నాకు ఇవ్వబోయాడు.

"అబ్బే, ఎందుకు ప్రభూ, వద్దు!" అన్నాను.

అనేశాక నాలిక కరుచుకున్నాను. రాజు చిలిపిగా చూసి, హారం మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"రోము పద్ధతి, బుచ్చెన్నా!"

అందరికన్నా గట్టిగా నవ్వినవాడు పినాకపాణి. అతని నోట్లో అప్పటికే పిజ్జా ఉంది, అమ్మలక్కల్లో ఎవరో కుక్కేశారు. నేను తెలివితక్కువ మొహం వేసుకుని నిలబడ్డాను. అది నాకు కొత్తేం కాదు.

అంతలో చీజు అరుగు దగ్గర్నుంచి కనకరత్నం గొంతు ఖంగుమంది.

"మహారాజా! ఇది రోము కాదు, మువ్వలరేవు. రెండోసారి అడగండి!"

రాజు నవ్వు ఆపుకోలేక, హారం తీసి రెండోసారి నా ముందు పట్టాడు. మళ్ళీ నా నోరు తెరుచుకోబోయింది. మా ఆవిడ వైపు చూశాను.

నోరు మూసుకుని మెడ వంచాను.