అర సెకను

నోయెల్‌ను సమాధి చేసిన మూడో రోజున దినకర్ ఇంజన్ లెక్కల కాగితాల కట్ట పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

గురువంటే కాషాయం కట్టినవాడు కాదు. బెజవాడ ఆటోనగర్లో నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న ఖాసిం ఉస్తాదు. దినకర్‌కి స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే. తర్వాత శిష్యుడు పెద్ద చదువులు చదివి, గురువుకి తెలియనివి చాలా నేర్చుకున్నాడు. ఆయనకి తెలియవని అప్పుడప్పుడు గుర్తు చేస్తుండేవాడు కూడా.

నోయెల్ నడిపిన రేసు కారుకి ఎనిమిది సిలిండర్లు. చదును రోడ్డు మీద ఎనిమిదీ మండితే పెట్రోలు దండగ. అందుకని నాలుగింటిని నిద్రపుచ్చి, డ్రైవరు గట్టిగా తొక్కగానే లేపే ఏర్పాటు చేశాడు దినకర్. దూరపు రేసులో పెట్రోలుకి తక్కువసార్లు ఆగే బండిదే గెలుపు మరి. ఘాట్ రోడ్డు మలుపులో నోయెల్ తొక్కాడు. నిద్రపోతున్న నాలుగూ అర సెకను ఆలస్యంగా, ఒక్కసారిగా లేచాయి. చక్రాలు జారి కారు లోయలో పడింది.

"ఆ ఆలస్యం ఉంటుందని వాడికి ముందే చెప్పాను ఉస్తాద్," అన్నాడు దినకర్. "అర సెకనే. కాస్త చూసుకుని తొక్కాల్సింది."

చచ్చినవాడి మీదికి తప్పు నెట్టడం తేలిక. లేచొచ్చి కాదనడు.

ఆదివారం రెండో కారు నడపబోయేది నోయెల్ తమ్ముడు జోయెల్. అందులోనూ అదే ఏర్పాటు. ఉంచాలా, తీసెయ్యాలా అని దినకర్ అడిగాడు. నిజానికి ఉంచమనిపించుకోవడానికే వచ్చాడు.

ఉస్తాదు కాగితాలు ముట్టుకోలేదు. లోయలోంచి తెచ్చిన ఇంజన్ బ్లాకు వాకిట్లో పడి ఉంది. దాన్ని షెడ్డులోకి చేర్చాలని, బయట రెండో కారు దగ్గరున్న జోయెల్‌ని కూడా పిలిచాడు.

గొలుసు కట్టి వాసానికి వేలాడదీశారు. ముందు ఉస్తాదూ దినకరూ, వెనక జోయెలూ ఇంకో పనివాడూ భుజం పెట్టారు. అన్నను మింగిన ఇనుమును తమ్ముడు మోస్తున్నాడు. దినకర్ వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగడుగులు వేశాక ఉస్తాదు భుజం తీసేశాడు.

"ఇక్కడంతా చదునేగా, నేనెందుకు? బరువనిపిస్తే పిలువు," అని పక్కన నడవసాగాడు.

షెడ్డు మెట్టు మీద కాలు పెట్టగానే బరువంతా దినకర్ మీద పడింది. పిలిచాడు. ముసలాయన ఏమాత్రం తాత్సారం చెయ్యకుండా వచ్చి భుజం పెట్టాడు. ఆపాటికే దినకర్ మోకాలు మెట్టుకి కొట్టుకుంది, వాసం పక్కకి జారింది. బ్లాకు ముందుకి ఊగి, వెనకున్న జోయెల్‌ని లాక్కుపోయింది. తల ఇనుప తలుపుకి తగలబోతుండగా వాడు గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ఎలాగో లోపల దించారు. అప్పుడు అడిగాడు ఉస్తాదు.

"నువ్వు పిలిచాక ఎంతసేపటికి వచ్చాన్రా?"

అర సెకనైనా పట్టలేదని దినకర్‌కి తెలుసు. మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. వెనక్కి తిరిగి జోయెల్‌ని చూశాడు. సమాధి దగ్గర రాని ఏడుపు దినకర్‌కి అప్పుడొచ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని జోయెల్ దగ్గరికి వెళ్లాడు. ఆదివారం ఎనిమిదీ మండుతూనే ఉంటాయని, పెట్రోలుకి రెండుసార్లు ఎక్కువ ఆగాల్సి వస్తుందని చెప్పాడు.

"అట్లాగైతే ఓడిపోతాం గదన్నా," అన్నాడు జోయెల్.

"ఓడిపోయి ఇంటికి రారా."