వాకిట్లో గీసిన ఇల్లు

ఎవరే ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు అచ్యుతయ్యగారికి లేదు. అడిగినవాడికి ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. కాకినాడ శివార్లలో ఉన్న ఆయన ఇంటికి సాయంత్రం పాఠానికి వచ్చేవాళ్ళలో సగంమంది వేదాంతం అడగబోయి కొబ్బరికాయలు ఒలిచి వెళ్ళినవాళ్ళే.

ఆ రోజు అడిగినవాడు ముకుందం. పక్కన అతని భార్య అరుంధతి కూడా ఉంది.

"ఆశ పెట్టుకోకుండా ఇల్లు చూడడం ఎలాగండీ, గురువుగారూ?"

ముకుందం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళలోనే బతికాడు. ఇన్నాళ్ళకు సొంతానికి ఒకటి కొనుక్కుందామని బయలుదేరితే, నచ్చిన ప్రతి ఇల్లూ చేతిదాకా వచ్చి జారిపోతోంది. ఒకదాని మీద అన్నదమ్ముల తగాదా ఉందని తేలింది. వాస్తు పంతులుగారు మంచిరోజు చెప్పేలోగా ఇంకోదానికి ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారు. అన్నింటికన్నా నచ్చిన మేడ ఇంటినేమో యజమాని పోయినవారం తన బావమరిదికే అమ్మేసుకున్నాడు. ఈ మొగుడూపెళ్ళాలు బేరం కుదరకముందే మనసులో పాలు పొంగించేసుకునే రకం. అందుకే ఆ కబురు విన్నప్పటినుంచీ ఇద్దరికీ ముద్ద దిగడం లేదు. ఇప్పుడు చూస్తే అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమంటున్నారు. రేపు మరో ఇల్లు చూపిస్తానని బ్రోకరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. వెళ్ళాలంటేనే ముకుందానికి భయంగా ఉంది. మళ్ళీ నచ్చితే? మళ్ళీ పోతే?

అచ్యుతయ్యగారు లోపలికి వెళ్ళి ముగ్గుపిండి డబ్బా తెచ్చి అరుంధతి చేతికిచ్చారు.

"ఆ మేడ ఇంటిని ఈ వాకిట్లో గీసి చూపించమ్మా. అంత బాగుందంటున్నారు, నేనూ చూస్తాను."

అరుంధతి కొంగు బిగించి గీయడం మొదలుపెట్టింది. గేటు, వరండా, హాలు, దేవుడి గది, వీధి వైపు మేడమెట్లు. ముకుందం వెంట తిరుగుతూ ఒక్కొక్కటీ గుర్తుచేశాడు. మెట్ల వెనకున్న గది దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడ అత్తయ్యగారి మంచం వేద్దామనుకున్నామండీ. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేరు కదా, కిటికీలోంచి వీధిలో వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చుంటారని."

అచ్యుతయ్యగారు వంగి పరకాయించి చూశారు. "వీధి వైపు మెట్లు గీశావు కదమ్మా. మరి కిటికీ ఎక్కడ?"

అరుంధతి ఆ గది వంక చూసి, భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ కిటికీ ఈ ఇంటిది కాదు. తగాదా ఇంటిది."

"మరి దీనికో?"

"దీనికి ఆ గదిలో కిటికీయే లేదు. బ్రోకరు పట్టపగలు లైటు వేసి చూపించాడు, మర్చిపోయారా?"

ముకుందం తెల్లబోయాడు. "పోనీ, దేవుడి గది?"

"అదీ దీనిది కాదండీ. అడ్వాన్సు ఇచ్చేశారే, ఆ ఇంట్లోది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అరుంధతే. తర్వాత ముకుందానికీ నవ్వు ఆగలేదు. లేని ఇంటి కోసమా వారం రోజులు తిండి మానుకున్నది! బావమరిది కొనుక్కుని పుణ్యం కట్టుకున్నాడు గానీ, లేకపోతే ముసలమ్మను తీసుకెళ్ళి చీకటి గదిలో పడేసి ఉండేవాళ్ళు. గుండెల మీంచి పెద్ద బరువు దించినట్టయి, ముకుందం అక్కడే అరుగు మీద చతికిలబడ్డాడు.

"బోధపడిందండీ గురువుగారూ," అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "రేపు ఏ ఆశా పెట్టుకోకుండా వెళ్తాం."

"ఆశ లేనివాడికి ఇల్లెందుకయ్యా?" అన్నారు అచ్యుతయ్యగారు. "పెట్టుకునే వెళ్ళండి. వెళ్ళినవాళ్ళు కాస్త ఇంటిని కూడా చూసి రండి."