పాత ర్యామ్ నడక

మొగిలి కంప్యూటర్ మొండికేసింది.

పెండ్లి వీడియోలు కూర్చడం అతని పని. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి తెర మీద పెండ్లికూతురు చేయి పైకెత్తి అలాగే నిలబడిపోయేది. బియ్యం గాల్లోనే ఆగేవి. ఆ ఆగిన బియ్యాన్ని చూస్తూ చూస్తూ, లోకంలో ఇక ఏదీ ముందుకు కదలదేమో అనిపించేది మొగిలికి.

ఇంట్లోనూ అంతే. చలికాలంలో అతని భార్య స్వరూపకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు ఈడుస్తుంది, మాట ఒక్కొక్కటిగా వస్తుంది. ఒకప్పుడు పక్కన కూర్చుని, ఏ పాట ఎక్కడ పెట్టాలో అతను అడగకముందే చెప్పేది. ఆమె నవ్వుతుంటే గదిలో ఇంకో దీపం పెట్టినట్టుండేది. ఇప్పుడు "నన్ను..." అని ఆమె మొదలుపెడితే, రెండో మాట వచ్చేలోపే, మంచం మీదికా, బయటికా అని అతనే అడిగి లేవదీసేవాడు.

ఆమెను తల్లిగారింట్లో దింపేసి రావాలని మనసులో అనుకున్నాడు. అనుకున్నందుకు తనను తాను అసహ్యించుకున్నాడు. గురువు రాజవీరు స్వామి ఊ అంటే ఆ బరువు కాస్త దిగుతుందని, ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

స్వామి మఠమంటే హుజూరాబాద్ అవతల, పత్తి చేల నడుమ రెండు రేకుల గదులు. స్వామి తత్వాలు పాడతాడు. అడిగినవాళ్లకు జవాబు చెప్పడం తక్కువ. ఆయన నడక మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. వెనక పరుగెత్తలేక శిష్యులు, స్వామితో తిరిగితే మోక్షం కంటే ముందు చెప్పులు పోతాయని నవ్వుకునేవాళ్లు.

మొగిలి వచ్చేసరికి స్వామి అరుగు మీద తంబూర తీగ బిగిస్తున్నాడు. మొగిలి మొక్కి కూర్చున్నాడు. అడగాలనుకున్నది నోటికి రాలేదు. కంప్యూటర్ సంగతి ఎత్తుకున్నాడు.

జాగా చాలక ఆగుతోందేమో అని ముందు పెద్ద హార్డ్ డిస్కు వేయించాడట. బొమ్మలు దాచుకోవడానికి చోటు దొరికింది గానీ తలంబ్రాలు అక్కడే ఆగాయి. దాచుకునే చోటు వేరు, బయటికి తీసి పరుచుకుని పని చేసుకునే చోటు వేరు అని అప్పుడు తెలిసిందట. ఆ రెండోదాన్ని ర్యామ్ అంటారు. కరెంటు పోతే అందులో ఏమీ మిగలదు. సరే అని కొత్త ర్యామ్ తెచ్చాడు. అది గాడిలో కూర్చోనే లేదు. అది వేరే తరానిదట. దాని అంచున గంటు ఒక చోట, గాడిలో మిట్ట ఇంకో చోట. బలవంతంగా నొక్కితే రెండూ విరిగేవే. దాన్ని మార్చి, పాతదాని తరానిదే, దానికంటే వడి ఉన్నది తెచ్చాడు. ఇది చక్కగా కూర్చుంది.

"మరింకేంది?" అన్నాడు స్వామి.

"రెండూ పక్కపక్కన పెడితే కొత్తది గూడ పాతదాని లెక్కనే నడుస్తుంది స్వామీ. దానికి ఉరికే బలం ఉంది. అయినా ఉరకది. పాతది ఎంత మెల్లగ పోతే ఇది గూడ గంతే మెల్లగ."

"పాతదాన్ని తీసెయ్యరాదు?"

"తీసి చూసిన. వడి పెరిగింది. కానీ ఒక్కదానికి పెండ్లి మొత్తం పట్టలే. సగంల ఆగింది."

"రెండూ ఉన్నప్పుడు?"

"ఆగకుంట పోయింది. మెల్లగ."

"అప్పగింతల దాక?"

"అప్పగింతల దాక." మొగిలి తల వంచుకున్నాడు. "ఉంచుకోనూ రాదు, తీసెయ్యనూ రాదు. నాకు ఏ తొవ్వా కనవడ్తలేదు స్వామీ."

అది కంప్యూటర్ మాట కాదని స్వామికి తెలిసిందో లేదో. తంబూర పక్కన పెట్టాడు.

"ఒక్కనివే వచ్చినవా?"

"స్వరూప గూడ వచ్చింది. వస్తుంది ఎనుక."

బస్సు ఆగే చోటి నుంచి మఠం దాకా ఎండలో మట్టిబాట. మొగిలి మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఆ బాట మీదే ఉంది. ఆ సంగతి అప్పటిదాకా అతనికి తోచనే లేదు.

స్వామి చెప్పులు కూడా తొడుక్కోకుండా లేచి, ఎప్పటిలాగే వడివడిగా బాట పట్టాడు. దూరంగా స్వరూప దగ్గరికి చేరాక ఆ వడి ఒక్కసారిగా అణిగిపోయింది. ఇద్దరూ ఇటు తిరిగారు. ఆమె ఎడమకాలు వేసేది, కుడికాలు ఈడ్చేది, ఆగేది. స్వామి ఒక అడుగు వేసేవాడు, ఆగేవాడు. ఆమె చేయి పట్టుకోలేదు. తొందరగా రమ్మనలేదు. అంత పొడుగాటి మనిషి, అప్పుడే నడక నేర్చుకుంటున్నవాడిలా వస్తున్నాడు. వాళ్లు చేరేలోపు బాట పక్కన పత్తిపూల తెలుపు గులాబీలోకి తిరిగిందనిపించింది మొగిలికి.

నడుమ ఒకచోట ఇద్దరూ నిలబడిపోయారు. స్వరూప ఏదో చెబుతోంది. స్వామి తల వంచి వింటున్నాడు. ఆమె అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో మొగిలికి గుర్తు రాలేదు. అరుగు మీద కూర్చున్నచోటే అతనికి ఒంటరిగా, చలిగా అనిపించింది.

వచ్చాక ఆమె మంచినీళ్లు తాగుతుంటే మెల్లగా అడిగాడు.

"ఏమన్నది స్వామీ?"

"పక్కన నడువు. ఇనవడ్తది."

స్వామి మళ్లీ తంబూర అందుకున్నాడు. అడగాలని వచ్చినది మొగిలి అడగనే లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు పొద్దు వాలింది. దూరంగా బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అలవాటు కొద్దీ మొగిలి ముందుకు ఉరికాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు. వాళ్లు ఎక్కకుండానే బస్సు వెళ్లిపోయింది.

స్వరూప ఒక అడుగు వేసింది. అతనూ వేశాడు. చాలా దూరం అలాగే నడిచారు. తర్వాత ఆమె పెదవులు కదిలాయి.

"నన్ను..."

అతను నోటిదాకా వచ్చిన మాటను మింగేసి ఆగాడు. ఆమె మాటకూ మాటకూ నడుమ ఒక్కో అడుగు పట్టింది.

"తల్లిగారింట్ల... దింపిరా. నాతోని... నువ్వు... ఆగమైతున్నవ్."

మొగిలి కళ్ల ముందు బాట అలుక్కుపోయింది. ఆమె కాలు లేచేదాకా తన కాలు ఎత్తలేదు.