జెట్టీకి కట్టిన పడవ

పడవలో పాత ఇంజను అరిగిపోయింది. చేపల వేట నిషేధం ఇవాళ్టితో తీరిపోతుంది. నా కొడుకు ఎల్లాజీ ఎక్కడినుంచో లారీ ఇంజను ఒకటి తెచ్చి తనే బిగించాడు. అందరికంటే ముందు పోవాలని డీజిల్ ఎక్కువ పారేలా దాని స్క్రూ చివరంటా తిప్పాడు.

ఒకప్పుడు వాళ్ళయ్య పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఆయన తిరిగి రాలేదు.

ఎల్లాజీకి నేను చెబితే వినడు. కరీముల్లా మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. వాడు ఇంజను పని నేర్చింది ఆయన దగ్గరే.

మేస్త్రీ వచ్చి ఇంజను చుట్టూ ఒకసారి చూశాడు.

"అమ్మ గోలెట్టిందా మేస్త్రీ?" అన్నాడు ఎల్లాజీ. " నిండు లారీని అరకు ఘాటురోడ్డు ఎక్కించిన ఇంజనిది. చూసే తెచ్చాను."

"ఎక్కాక ఏం చేసింది?"

"ఏం చేస్తాది? దిగింది."

మేస్త్రీ మోకు తీసి పడవ వెనక కొసని జెట్టీ స్తంభానికి కట్టాడు. వచ్చి జెట్టీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"రేపు ఎంత జోరుగా పోతావో అంత జోరుగా నడుపు."

"కట్టేసి నడపమంటారేటి! గానుగెద్దా ఇది?"

నవ్వుతూనే జోరు పెంచాడు. మోకు తీగలా బిగిసింది. వెనక నీళ్ళు ఉడికినట్టు తెల్లగా లేచాయి. నా కాళ్ళ కింద జెట్టీ అదిరింది. పడవ మాత్రం జానెడు కదల్లేదు. ఇనపముద్దలో అంత బలం ఉంటుందని నాకు తెలీదు.

మేస్త్రీ బీడీ వెలిగించాడు. అది అయ్యాక ఇంకొకటి.

"తగ్గించనా మేస్త్రీ?"

"రేపు తగ్గిస్తావా?"

ఇంజను గొంతు మారింది. మాడిన నూనె వాసన. ఫట్‌మని నీళ్ళ గొట్టం పగిలి ఆవిరి కమ్మేసింది. ఎల్లాజీ కనబడలేదు.

"ఒరే నాయనా!" అని లేచాను.

ఆవిరి విడిపోయింది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంజను ఆగిపోయింది. మోకు మెల్లగా వదులై నీళ్ళలోకి జారింది.

"ఘాటెక్కిన ఇంజనే కదా మేస్త్రీ..."

మేస్త్రీ సముద్రం వైపు చూశాడు.

"దిగేటప్పుడు దానికి తెరిపి దొరికింది. అక్కడ దిగుడు లేదురా."

ఎల్లాజీ కూడా అటే చూశాడు. తరవాత వంగి స్క్రూడ్రైవరు తీసుకుని డీజిల్ స్క్రూ వెనక్కి తిప్పాడు.

నేను మోకు విప్పబోయాను.

"ఉండనీ అమ్మా," అన్నాడు. "గొట్టం మార్చి మళ్ళీ నడుపుతాను."