తలుపు వేసుకుంటానన్న అంకమ్మ

జ్ఞానసుందరి గారు పాఠం చెప్పేటప్పుడు ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు ఇచ్చేవారు కాదు. విన్నానన్నట్టు తలూపి మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయేవారు. ఆడవాళ్ళ జైలులో వార్డరుగా చేరి అక్కడే తల నెరిసిన మనిషి. ఇప్పుడు ఆ జైలు ఆవరణలోనే కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నారు. ఆవిడ జవాబు కోసం చూసి చూసి, అడిగిన సంగతే మర్చిపోయినవాళ్ళున్నారు.

సత్యవేణి మర్చిపోలేదు. ఆమె అడిగింది ఇది: "మేడం, పొద్దున క్లాసులో ఖైదీల్ని మనుషుల్లా చూడమన్నారు. మధ్యాహ్నం క్లాసులో ఏ ఖైదీ మాటా నమ్మొద్దన్నారు. లోపలికి వెళ్ళాక ఏది పాటించాలి?"

తోటి అమ్మాయిలు నవ్వారు. జ్ఞానసుందరి గారు నవ్వలేదు. తలూపారు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఆవిడ సత్యవేణిని ఆఫీసు గదికి పిలిపించారు. కుట్టు షెడ్డులో పనిచేసే అంకమ్మ అనే యావజ్జీవ ఖైదీకి తల్లి పోయింది. తమ్ముడు ఫోన్ చేశాడు. నిన్ననే మట్టి చేసేశారట. పోలీసుల వెంట అక్క ఊళ్ళోకి రావడం ఇష్టంలేక ఆలస్యంగా చెప్పాడో, మరెందుకో, అతను చెప్పలేదు.

"వెళ్ళి చెప్పు" అన్నారు జ్ఞానసుందరి గారు. "చెప్పాక ఏం చెయ్యాలో తెలుసుగా?"

తెలుసు. చెడు కబురు విన్న ఖైదీని ఆ రోజంతా కంటి ముందే ఉంచుకోవాలి. అలాంటి రోజునే ఉరేసుకున్నవాళ్ళున్నారని క్లాసులో చెప్పారు.

అంకమ్మ మిషను మీద ఆసుపత్రి దిండు గలీబులు కుడుతోంది. సత్యవేణి తల్లి వయసుంటుంది. ఖైదీల్ని పేరుతోనే పిలవాలి, వరసలు కలపకూడదు. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చిన పిల్ల, తీరా ఎదురుగా నిలబడేసరికి "పిన్నీ" అంది. అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేక, ఆ పిలుపుతోనే కబురు చెప్పేసింది.

అంకమ్మ మిషను ఆపింది. "ఎప్పుడు పోయింది?"

"మొన్న రాత్రి. నిన్న మట్టి చేశారంట."

"అన్నం తిన్నాక పోయిందా, తినకముందా?"

సత్యవేణికి తెలియదు. ఫోన్లో ఎవరూ అది అడగలేదు. తెలియదని చెప్పింది. అంకమ్మ సగంలో ఉన్న కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, లేచి, షెడ్డు వెనక స్నానాల గదివైపు నడిచింది. సత్యవేణి వెంటే వెళ్ళింది. గుమ్మం దగ్గర అంకమ్మ వెనక్కి తిరిగింది.

"కాసేపు తలుపేసుకుంటాను తల్లీ."

"వెయ్యకూడదు."

"వచ్చిన కాడ్నించి ఏం చేసినా ఎవరో ఒకళ్ళు చూస్తానే ఉండారు. నిద్దరపోతంటే చూస్తారు, నీళ్ళు పోసుకుంటంటే చూస్తారు. మా అమ్మ కోసం ఒక్కసారి ఎవరూ చూడకుండా ఏడ్చుకుంటాను."

సత్యవేణి గదిలోకి తొంగి, పైకప్పు వైపు చూసింది. అంకమ్మ ఆమె మొహంలోకి చూసి, "నీ భయం నాకు తెలుసులే" అని, అక్కడికక్కడే ఒంటిమీది తెల్లచీర విప్పి ఉండలా చుట్టి ఆమె చేతుల్లో పెట్టింది. లంగా జాకెట్టుతో లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి లాక్కుంది. ఆ తలుపులకు లోపలివైపు గడియలుండవు.

సత్యవేణి వద్దనలేదు. వద్దనే తీరిక దొరకలేదని తరువాత జ్ఞానసుందరి గారితో చెప్పింది. అది నిజం కాదని కూడా తానే చెప్పింది.

మొదట ఏడుపు వినిపించింది. పెద్దగా, చిన్నపిల్ల ఏడ్చినట్టు. చీర పట్టుకుని బయట నిలబడ్డ సత్యవేణికీ కళ్ళు తడిశాయి. కొంతసేపటికి ఏడుపు ఆగింది. తరువాత ఏ చప్పుడూ లేదు. ఏడుపు అయిపోయిందేమో, నీరసపడి కూర్చుందేమో అనుకుంది. పిలవబోయి ఊరుకుంది. అప్పుడు గుర్తొచ్చింది: చీర తన చేతుల్లో ఉంది కానీ, లంగాకి బొందు ఉంటుంది.

తలుపు తోసింది.

అంకమ్మ నేలమీద గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తి చూసింది. కోప్పడలేదు. "అయిపోయిందిలే, ఇటివ్వు" అని చీర అందుకుంది. అయిపోలేదని సత్యవేణికి తెలుస్తూనే ఉంది. ఆ పూటంతా తను పక్కనే కూర్చున్నా అంకమ్మ మళ్ళీ మాట్లాడలేదు, మళ్ళీ ఏడవలేదు.

సాయంత్రం సత్యవేణి జరిగిందంతా దాచకుండా చెప్పింది. జ్ఞానసుందరి గారు కళ్ళజోడు తీసి విన్నారు.

"తలుపు వెయ్యనివ్వడమే తప్పా మేడం? లేక వెయ్యనిచ్చాక తొయ్యడం తప్పా? తొయ్యకపోతే ఆవిడ తనివితీరా ఏడ్చుకునేది. తొయ్యకుండా ఉండి ఏమన్నా అయ్యుంటే? నేను నమ్మానా, నమ్మలేదా అన్నది కూడా నాకు తెలియడం లేదు. మీరైతే ఏం చేసేవారు?"

ఆవిడ అలవాటు ప్రకారం తలూపి ఊరుకుంటారనే సత్యవేణి అనుకుంది. ఆవిడ ఊరుకోలేదు.

"అక్కడ నిలబడింది నువ్వు, నేను కాదు" అన్నారు.

సత్యవేణి ఇంకేమైనా అంటారేమోనని చూసింది. ఖైదీల్ని గదుల్లో పెట్టి తాళాలు వేసే లాకప్ వేళైంది. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఇలాంటి కబురు మళ్ళీ వస్తే నిన్నే పంపుతాను."

అది మెప్పో శిక్షో సత్యవేణికి అర్థం కాలేదు. అదే అడిగింది.

"వెళ్ళొచ్చాక నువ్వే చెప్పు" అన్నారు జ్ఞానసుందరి గారు.